పట్టణ పునరుజ్జీవనం – పురపాలక సిబ్బంది శిక్షణ

(ప్రత్యేక వ్యాసం)

రాజమహేంద్రవరం: గోదావరి పుష్కరాలు తిరిగి 2027లో జరగవలసి ఉన్నాయి. 2015 జూలై 14న, గత పుష్కరాల తొలిరోజున, పుష్కర ఘాట్ వద్ద తొక్కిసలాటలో 27 మంది ప్రాణాలు కోల్పోయిన విషాదాన్ని ఈ నగరం మరువలేదు. ఘాట్ల విస్తరణకు, రహదారులకు నిధుల మంజూరు ఒక ఎత్తు కాగా, వాటిని నిర్వహించవలసిన పురపాలక ఉద్యోగుల నైపుణ్యం మరొక ఎత్తు. ఈ రెండవ అంశంపై చర్చ అంతగా జరగడం లేదు.

పాత పట్టణాన్ని బాగుచేయడం కొత్త లే-అవుట్ వేయడం వంటిది కాదు. 1900లో ప్రారంభమై, 1997లో రైళ్ల రాకపోకలు నిలిచిపోయిన హేవలాక్ వంతెన 56 స్పాన్లతో నేటికీ నిలిచి ఉంది. 2025 జూన్‌లో శంకుస్థాపన జరిగిన అఖండ గోదావరి ప్రాజెక్టులో ఈ వంతెన, పుష్కర ఘాట్ల అభివృద్ధి చేరి ఉన్నాయి. ఇటువంటి పనికి ఇంజనీరు అంచనాలు మాత్రమే చాలవు. గట్టు వెంబడి చిరువ్యాపారులను 2014 నాటి వీధి విక్రయదారుల చట్టం ప్రకారం సర్వే జరపకుండా తొలగించే వీలు లేదు. ధవళేశ్వరం వద్ద నీటిమట్టం 17.75 అడుగులకు చేరితే మూడవ ప్రమాద హెచ్చరిక జారీ అవుతుంది. నది అంత ఎత్తున ప్రవహించే వేళ పల్లపు వీధుల మురుగు దానంతట అది నదిలోకి పోజాలదు. ఈ సంగతి ఎరుగక వేసిన కాలువ ఎంత అందంగా ఉన్నా వ్యర్థమే.

శిక్షణా సంస్థలకు కొరత లేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలోని ప్రాంతీయ నగర, పర్యావరణ అధ్యయన కేంద్రం 1970 నుంచి పురపాలక అధికారులకు తరగతులు నిర్వహిస్తూ వచ్చింది. బ్రిటన్ ప్రభుత్వ ఆర్థిక సహాయంతో గత దశాబ్దాలలో ఉమ్మడి రాష్ట్రంలోని 42 ప్రథమ శ్రేణి పట్టణాలలో అమలైన పట్టణ పేదల సేవా పథకంలో, నిధుల విడుదలను పురపాలక సంస్కరణలతో ముడిపెట్టడం జరిగింది. మురికివాడల మహిళలతో కలసి కూర్చుని ప్రణాళిక రూపొందించే పద్ధతిని సిబ్బంది అప్పుడు అలవరచుకున్నారు. అయితే వారిలో పలువురు బదిలీలపైన, పదవీ విరమణపైన వెళ్లిపోయారు. వారు నేర్చినది దస్త్రాలలోకి ఎక్కలేదు.

ముఖ్య అతిథి ప్రసంగం, ధృవపత్రాల పంపిణీ, గ్రూపు ఫోటో – పత్రికా ప్రకటన రాసే మాకు ఇవి సులభమైన అంశాలు. శిక్షణ పొందిన ఉద్యోగి ఆరు నెలల తరువాత ఏ సీటులో ఉన్నాడని మమ్మల్ని ఎవరూ అడగరు. పాత్రికేయ మిత్రులు అడగదగిన ప్రశ్న అదే.

2019 అక్టోబరులో వార్డు సచివాలయాల ఏర్పాటుతో ప్రణాళిక, వసతులు, పారిశుద్ధ్యం విభాగాలకు విద్యావంతులైన యువ కార్యదర్శులు వచ్చారు. వీరికి తరగతి గది కంటె వీధి ముఖ్యం. ఏ వాల్వు ఎక్కడ ఉన్నదో, ఏ సందులో ముందుగా నీరు నిలుస్తుందో ఎరిగిన వృద్ధ ఫిట్టర్లు, పారిశుద్ధ్య మేస్త్రీలు విరమణ పొందేలోగా, వీరిని వారి వెంట వార్డులో నడిపించి, తెలుసుకున్నది పటాలపై గుర్తింపజేయాలి. అలా తయారైన పటాలే పుష్కర విధులకు పొరుగు జిల్లాల నుంచి వచ్చే సిబ్బందికి మొదటి పాఠం కాగలవు.