అది సాయం కాదు, పని

దుండిగల్‌లో మా వేపచెట్టు కింద మూడేళ్లుగా బోర్లించి ఉన్న పుట్టిని ఈ ఎండాకాలం అమ్మా నేనూ బాగుచేశాం. కుళ్లిన వెదురు దబ్బలు పీకి కొత్తవి అల్లింది అమ్మే. పూర్వం పుట్టికి తోలు తొడిగేవాళ్లు. మేం ప్లాస్టిక్ పట్టా బిగించి, కాచిన తారు రెండు పూతలు పూశాం. అమ్మ అరచేతులు బొబ్బలెక్కాయి.

చిన్నాయన వచ్చి చూసి, "అన్న పుట్టికి పానమొచ్చింది" అన్నాడు. నాన్న పోయి మూడేళ్లు! అయినా అది అన్న పుట్టే. నలభై ఏళ్లు వలలు అల్లి, గంప నెత్తినెత్తుకుని ఊరూరా చేపలమ్మిన మనిషిది మాత్రం 'సాయం'.

మాటదేముంది అనకండి. చెరువులో వల వేసే హక్కు మత్స్య సహకార సంఘం సభ్యులది. నాన్న సభ్యత్వం అమ్మకిమ్మంటే, "కొడుకు లేడా?" అనడిగారు. ఇదే దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో 2016 జూన్‌లో ముగ్గురమ్మాయిలు దేశపు తొలి మహిళా ఫైటర్ పైలట్లయ్యారు. విమానం నడపొచ్చు, పుట్టి తోయకూడదా?

మనమూ తక్కువ తినలేదు. కథల్లో చేపలమ్మే ఆమె గంపను రాశాం, ఆమె చెమటా రాశాం. ఆమెకు పుట్టి ఎందుకు లేదని ఎప్పుడైనా అడిగామా?

దరఖాస్తు మళ్లీ పెట్టాం. జవాబు రాలేదు. పుట్టిని మాత్రం నిన్న చెరువులోకి దించేశాం. తెడ్డు అమ్మ పట్టుకుంది.