వెనక హోసులనూ మార్చాలి



పాత మారుతి 800కి ముందు డిస్కుల వైపు స్టీలు అల్లిక బ్రేక్ హోసులు వేయిస్తే చాలు, వెనక ఉన్నవి డ్రమ్ములే కదా అన్న మీ వ్యాసంతో ఏకీభవించలేను. పెడల్ నొక్కితే ఆయిల్ ఒత్తిడి నాలుగు చక్రాలకూ వెళ్తుంది. వెనక పాత రబ్బరు హోసు ఉబ్బుతుంటే పెడల్ మెత్తగానే ఉంటుంది. లోపలి పొర ఊడి దారి మూసుకుపోతే మరీ ప్రమాదం: కాలు తీసినా ఒత్తిడి దిగదు, షూలు డ్రమ్మును రాసుకుంటూ వేడెక్కుతాయి. బయటికి మాత్రం హోసు నిక్షేపంగా కనిపిస్తుంది!

పెడల్ లోతుకు దిగుతుంటే మొదట షూలు సర్దించండి. డ్రమ్ముకూ షూకూ మధ్య సందు పెరిగినా అలాగే దిగుతుంది. స్టీలు హోసులకు డబ్బు సరిపోకపోతే అన్ని చోట్లా కంపెనీ రబ్బరు హోసులే కొత్తవి వేయించి, బ్రేక్ ఆయిల్ మార్పించి, గాలి పూర్తిగా తీయించండి.

— ఒక పాఠకుడు, విజయవాడ