చిన్న కోతే... చిన్న ఆపరేషన్ కాదు

కామాటిపుర గల్లీల్లో దాన్ని ‘దుర్బీన్ ఆపరేషన్’ అంటారు. పొట్టమీద రెండు మూడు చిన్న గాట్లు, ఒకటి రెండు రోజుల్లో ఇంటికి. గర్భసంచిలో గడ్డలున్నా, అండాశయంలో నీటితిత్తి ఉన్నా, కు.ని. చేయించుకోవాలన్నా అందరూ అడిగేది ఇదే. నిజాం రాజ్యం నుంచి కూలికొచ్చి పేటకు తమ పేరే ఇచ్చిన కామాటీల వారసులకు ఇదేం కొత్త కాదు. దేశంలో మొదటిసారి ఈ పద్ధతిలో పిత్తాశయం తీసింది 1990లో, డాక్టర్ టెహంటన్ ఉద్వాడియా. అదీ పక్కనే ఉన్న జేజే ఆసుపత్రిలో.

పెద్ద కోతతో పోలిస్తే నొప్పి తక్కువ, రక్తం పోవడం తక్కువ. కాదనేవారు లేరు. చిక్కల్లా ‘చిన్న కోత’ కాస్తా ‘చిన్న ఆపరేషన్’గా మారిపోవడంతోనే. ముందు పొట్టలోకి గ్యాస్ ఎక్కించి, తర్వాత మొనదేలిన గొట్టం దింపుతారు. పెద్ద ప్రమాదాల్లో దాదాపు సగం ఈ తొలి అడుగులోనే జరుగుతాయి. పెద్ద రక్తనాళం తెగితే సాధారణంగా టేబుల్ మీదే తెలిసిపోతుంది. పేగుకు పడిన చిల్లు, కరెంటు వేడికి కాలిన చోటు మాత్రం అప్పుడు కంటపడకపోవచ్చు. రెండు మూడు రోజులకో, వారానికో బయటపడుతుంది. ఇలా జరిగేది వెయ్యిమందిలో ఏ కొద్దిమందికో. కానీ ఆలస్యమైతే ప్రాణం మీదికే వస్తుంది. అంతకుముందు సిజేరియన్ అయినవారికి పేగులు పాత కోతకు అతుక్కుని ఉండొచ్చు. ఆ మాట డాక్టరుకు ముందే చెప్పుకోవాలి.

సరిగ్గా ఆ రెండు మూడు రోజుల్లో చాళ్లలోని ఆడవాళ్లు ఎక్కడుంటున్నారు? ఒకరు నల్లా దగ్గర బిందె మోస్తుంటారు. ఇంకొకరు తల్లిగారింట్లో విశ్రాంతి తీసుకుందామని కరీంనగర్ బస్సెక్కుతారు. అర్ధరాత్రి దారిలో కడుపు ఉబ్బి వాంతులైతే ఆపరేషన్ చేసిన డాక్టరు ఎక్కడ, ఆమె ఎక్కడ!

ఇబ్రహీంపట్నం సంగతి మరచిపోదగ్గది కాదు. 2022 ఆగస్టు 25న అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో ఒకేరోజు 34 మందికి ల్యాప్రోస్కోపీతో కు.ని. ఆపరేషన్లు చేశారు. ఇంటికెళ్లాక జబ్బుపడి నలుగురు చనిపోయారు. అక్కడ తప్పు ఇన్ఫెక్షన్ దగ్గర జరిగింది. కు.ని. శిబిరాలను మూడేళ్లలో ఆపేయాలని సుప్రీంకోర్టు 2016లోనే చెప్పింది. పరికరం ఎంత కొత్తదైనా, ఒకరి తర్వాత ఒకరికి వాడేటప్పుడు శుభ్రం చేసేది మనిషే కదా.

భుజం నొప్పి ఒకటి రెండు రోజులుంటే భయం లేదు, అది ఎక్కించిన గ్యాస్ వల్లే. నొప్పి రోజురోజుకూ తగ్గాలి. తగ్గకుండా పెరిగినా, జ్వరం, వాంతులు, కడుపుబ్బరం ఉన్నా, మూత్రం రాకున్నా ‘గ్యాస్ పట్టిందిలే’ అని మెడికల్ షాపుకు పోవద్దు, నేరుగా ఆసుపత్రికే పోవాలి. డిశ్చార్జి కాగితం చేతిలో ఉండాలి. కనీసం వారం పాటు ఊరి ప్రయాణం పెట్టుకోవద్దు.

ఇవన్నీ ఆసుపత్రి వాళ్లు చెప్పాల్సిన మాటలే. చెప్పినా మరాఠీలోనో ఇంగ్లీషులోనో చెబితే, నిన్నగాక మొన్న పాలమూరు నుంచి కాపురానికొచ్చిన అమ్మాయికి ఏం అర్థమవుతుంది? వేలిముద్ర వేయించుకునే ముందు తెలుగులో చదివి వినిపించే మనిషిని పెట్టడం మున్సిపల్ ఆసుపత్రులకు మోయలేని భారమేమీ కాదు. తెలుగు సంఘాలు అరపేజీ కాగితం అచ్చువేయించి వార్డుల్లో పంచినా చాలు. అందులో రాత్రిపూట కూడా పలికే ఆసుపత్రి ఫోన్ నంబరు పైనే, పెద్దక్షరాల్లో ఉండాలి.