ల్యాబ్ అటెండరు బీఈడీ చదవాలంటే

మెగ్నీషియం తీగను మండించే ప్రయోగం హైస్కూల్లో చదివిన ప్రతి ఒక్కరికీ గుర్తుండే ఉంటుంది. మండించే ముందు తీగను గరుకు కాగితంతో రుద్దాలి. గాలి తగిలి పైన ఏర్పడిన పొరను తీసెయ్యకపోతే అది సరిగా అంటుకోదు. ల్యాబ్ అటెండరు ఉన్న బడుల్లో ఆ రుద్దే పని సాధారణంగా ఆయనదే. ఏ సీసాలో ఆమ్లం అడుగంటిందో, ఏ పిల్లవాడు మంటను చూసి వెనక్కి జరుగుతాడో ఆయనకు తెలుసు. ఆ పొర ఎందుకు ఏర్పడిందన్న ప్రశ్న పిల్లల చేతనే అడిగించడం మాత్రం శిక్షణతో వచ్చే విద్య. విషయం తెలియడం వేరు, దాన్ని ఎలా బోధించాలో తెలియడం వేరని అమెరికా విద్యావేత్త లీ షుల్మన్ 1986లోనే వివరించారు.

డిగ్రీ చదివి అటెండరు ఉద్యోగంలో చేరినవాళ్లు మనకు కొత్త కాదు. అలాంటి ఒకాయన సైన్సు టీచరు కావాలనుకుంటే ఏం చేయాలి? రెగ్యులర్ బీఈడీ రెండేళ్లు. తరగతులకు 80 శాతం, బడిలో ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం హాజరు ఉండాలి. ఉద్యోగం చేస్తూ అది కుదరదు. జీతం మానుకుని రెండేళ్లు కుటుంబాన్ని నడపగలిగినవాళ్లు ఆ ఉద్యోగాల్లో ఎంతమంది ఉంటారు?

ఇక దూరవిద్య. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నిబంధనల ప్రకారం దూరవిద్యలో బీఈడీకి అర్హులు రెండు రకాలవాళ్లే: శిక్షణ పొంది ప్రాథమిక స్థాయిలో పనిచేస్తున్న ఉపాధ్యాయులు, లేదా ఏదైనా ఉపాధ్యాయ శిక్షణ కోర్సును రెగ్యులర్‌గా పూర్తిచేసినవాళ్లు. అంటే టీచరు కావడానికి ముందే టీచరై ఉండాలన్నమాట! ఈ నిబంధన వెనుక ఉన్న ఆలోచనను నేను తప్పుపట్టను. బోధన పోస్టులో వచ్చిన పుస్తకాలు చదివితే అబ్బేది కాదు, రోజూ పిల్లల మధ్య ఉండాలి. కానీ అటెండరు రోజూ ఉండేది ఎక్కడ?

అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రం ఇదే ప్రశ్నకు వేరే జవాబు వెతికింది. ఎలక్ట్రీషియన్లు పని చేస్తూ, జీతం తీసుకుంటూ నేర్చుకునే అప్రెంటిస్‌షిప్ పద్ధతిని బోధనకూ వర్తింపజేసింది. 2022 జనవరిలో అక్కడి కేంద్ర కార్మిక శాఖ దాన్ని ఆమోదించింది. క్లార్క్స్‌విల్-మాంట్‌గొమరీ పాఠశాలల జిల్లా, ఆస్టిన్ పే స్టేట్ యూనివర్సిటీ కలిసి నడిపే ఈ కార్యక్రమంలో తరగతి సహాయకులు బడిలో పని మానకుండానే, ఫీజు కట్టకుండానే డిగ్రీ, లైసెన్సు సంపాదించుకోవచ్చు. పక్కన అనుభవమున్న టీచరు ఒకరు ఉంటారు.

మన దగ్గర ఇలాంటి ప్రయత్నమే జరగలేదని కాదు. 2017లో విద్యాహక్కు చట్టాన్ని సవరించి, శిక్షణ లేని ఉపాధ్యాయులకు 2019 మార్చి 31 దాకా గడువిచ్చారు. జాతీయ సార్వత్రిక పాఠశాల విద్యా సంస్థ లక్షల మందికి 18 నెలల డీఎల్ఈడీని ఆన్‌లైన్‌లో, టీవీ చానళ్లలో నడిపింది. తర్వాత అది రెండేళ్ల డిప్లొమాతో సమానమా అన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కాబట్టి ఎవరికి దారి తెరిచినా ఆ సర్టిఫికెట్ విలువేమిటో ముందే తేల్చాలి. కోర్సు కాలాన్ని కుదించడం నాకు ఇష్టం లేదు. చదువుకునే తీరు మారాలి, అంతే.

అంగన్‌వాడీ కార్యకర్తల విషయంలో 2020 జాతీయ విద్యా విధానం ఈ సూత్రాన్ని ఒప్పుకుంది. ఇంటర్ చదివినవారికి ఆరు నెలల సర్టిఫికెట్, అంతకన్నా తక్కువ చదివినవారికి ఏడాది డిప్లొమా, అదీ ఉద్యోగం చేసుకుంటూనే. మరి హైస్కూలు ల్యాబ్ గుమ్మం దగ్గర ఆ సూత్రం ఎందుకు ఆగిపోవాలి?

బీఈడీ చేసి డీఎస్సీ కోసం ఏళ్లుగా ఎదురుచూస్తున్నవాళ్లకు ఇది కోపం తెప్పించవచ్చు. వాళ్ల కోపంలో న్యాయం ఉంది. అందుకే నేను అడుగుతున్నది పోస్టు కాదు, శిక్షణ. టెట్ అదే, డీఎస్సీ అదే, కటాఫ్ అదే. పరీక్ష హాలు గుమ్మం దాకా రావడానికి దారి ఒక్కటి కావాలి. దూరవిద్య అర్హతల్లో 'పనిచేస్తున్న ఉపాధ్యాయులు' అన్నచోట, నిర్ణీత కాలం బడిలో పనిచేసిన డిగ్రీ ఉన్న సిబ్బందిని కూడా చేర్చితే చాలా వరకు సరిపోతుంది. ప్రాథమిక తరగతులకైతే బీఈడీ చెల్లదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది గనుక, ఇంటర్ చదివిన ఆయాలకు డీఎల్ఈడీలోనూ ఇలాంటి వీలే కల్పించాలి.

ఇంకొక్క మాట. బీఈడీలో 20 వారాల ఇంటర్న్‌షిప్ ఉంటుంది. దాన్ని ఆయన సొంత బడిలో పెట్టకూడదు. పాఠం మధ్యలో హెడ్మాస్టరు గారు పిలిచి బ్యాంకుకు వెళ్లిరమ్మంటే కాదనలేడు. స్టాఫ్ రూములో ఆయనకు ఇంకా కుర్చీ ఉండదు. పక్క ఊరి బడికి పంపి, ఆ 20 వారాలు జీతంతో కూడిన సెలవిచ్చి, ల్యాబ్ తాళాలు ఇంకొకరికి అప్పగించాలి.