హ్యాండిల్ వణుకుతున్నదా? ముందు కారణం వెతుకుదాం

పాతబస్తీలో ఇంటి ముందు నిలిపి ఉన్న మోటార్‌సైకిల్‌ను కుటుంబ సభ్యుల్లో ఒకరుగా లెక్కించవలసిందే. ఉదయం పిల్లలను బడిలో దించేది, పగలు ఇంటిపెద్దను పనికి చేర్చేది, సాయంత్రం అమ్మీని ఆసుపత్రికి తీసుకువెళ్ళేది అదే. బండికి పెట్రోలు పోయించడం మనం మరచిపోము. ఆ బండి హ్యాండిల్ పట్టుకునే చేతుల సంగతి మాత్రం ఆలోచించము. బండి దిగిన తర్వాత కూడా అరచేతుల్లో జుమ్మనే తిమ్మిరి నిలిచి ఉంటే, "పాత బండి కదా" అని సరిపెట్టుకుంటాము.

అలా సరిపెట్టుకోవడం మంచిది కాదని ఈ నెల చెప్పదలచుకున్నాము. దీనికి రెండు కారణాలున్నాయి. మొదటిది, మన పేటల్లో ఎన్నో కుటుంబాలకు చేతులే జీవనాధారం. లాడ్ బజార్‌లో లక్క గాజులపై రాళ్ళు అద్దేవారు, కార్‌చోబ్ చట్రం ముందు కూర్చుని జర్దోజీ కుట్టేవారు, సుత్తితో వెండి వరఖ్ కొట్టేవారు, దర్జీలు, రోజంతా సరుకులు చేరవేసే డెలివరీ కుర్రవాళ్ళు, వీరందరి సంపాదన వేళ్ళ నేర్పు మీద ఆధారపడి ఉన్నది. రెండవది, హ్యాండిల్‌లో వచ్చే కంపనం చాలాసార్లు బండిలో మరెక్కడో మొదలైన లోపానికి సూచన. మెత్తటి గ్రిప్పు తొడిగితే చేతికి కొంత హాయి కలుగుతుంది గానీ ఆ లోపం అలాగే ఉండిపోతుంది.

కంపనం ఎక్కడ పుడుతుంది?

మన వీధుల్లో తిరిగే బండ్లలో ఎక్కువ భాగం ఒకే సిలిండర్ ఇంజన్ కలవి. సిలిండర్‌లో పిస్టన్ పైకి వెళ్ళి, ఆగి, కిందికి దిగి, మళ్ళీ ఆగి పైకి వస్తుంది. ఇంజన్ నిమిషానికి 4500 చుట్లు తిరుగుతున్నదంటే ఈ రాకపోకలు సెకనుకు 75 సార్లు జరుగుతున్నాయన్నమాట. దిశ మారిన ప్రతిసారీ ఇంజన్‌కు ఒక కుదుపు తగులుతుంది. పిస్టన్ వల్ల పుట్టే ఈ బలం ఇంజన్ వేగంతో సమానంగా పెరగదు, వేగం రెట్టింపయితే నాలుగింతలవుతుంది. వేగం కొంచెమే పెంచినా చేతుల్లో మోత ఒక్కసారిగా హెచ్చడానికి ఇదొక కారణం.

ఈ కుదుపును తగ్గించడానికి క్రాంక్ షాఫ్ట్‌కు ఎదురు బరువు అమరుస్తారు. అయితే గుండ్రంగా తిరిగే బరువు, పైకీ కిందికీ కదిలే బరువును పూర్తిగా సరితూచలేదు. ఒక దిక్కున కుదుపును అణచబోతే మరొక దిక్కున కొత్త కుదుపు పుడుతుంది. అందుకే కొన్ని ఇంజన్లలో క్రాంక్‌కు వ్యతిరేక దిశలో అదే వేగంతో తిరిగే బ్యాలెన్సర్ షాఫ్ట్‌ను అదనంగా పెడతారు. రాయల్ ఎన్‌ఫీల్డ్ వారు 2020లో మీటియర్ 350తో, 2021లో కొత్త క్లాసిక్ 350తో తెచ్చిన ఇంజన్‌లో ఈ ఏర్పాటు ఉన్నది. అంతకు ముందరి 350 ఇంజన్‌లో లేదు. పాత బుల్లెట్టునూ కొత్త క్లాసిక్‌నూ నడిపి చూసినవారికి ఈ తేడా చేతుల్లోనే తెలుస్తుంది.

ఇక హ్యాండిల్ విషయం. అది మధ్యలో బిగించి, రెండు చివరలూ వదిలివేసిన ఇనుప గొట్టం. బల్ల అంచున స్కేలును అదిమిపట్టి, బయటికి ఉన్న కొనను మీటితే అది ఒకే లయలో ఊగుతుంది. హ్యాండిల్‌కు కూడా అటువంటి సహజమైన లయ ఉంటుంది. ఇంజన్ కుదుపుల లయ దానితో కలిసినప్పుడు, ఊయలను సరైన క్షణంలో తోసినట్లు, చిన్న కుదుపే పెద్ద ఊపుగా మారుతుంది. ఒక వేగం దగ్గర హ్యాండిల్ జుమ్మని, అది దాటగానే నెమ్మదించడం వెనుక ఉన్న రహస్యం ఇదే.

చేతులకు ఏమవుతుంది?

యంత్రాల కంపనం వేళ్ళకు చేసే హాని కొత్తగా తెలిసిన సంగతి కాదు. ఇటలీలో గాలి ఒత్తిడితో నడిచే డ్రిల్లులు పట్టే కార్మికుల వేళ్ళలో రక్తనాళాలు ముడుచుకుపోవడాన్ని లోరిగా అనే వైద్యుడు 1911లో వివరించారు. 1918లో ఆలిస్ హామిల్టన్ అనే అమెరికా వైద్యురాలు ఇండియానా రాష్ట్రంలోని బెడ్‌ఫర్డ్‌లో రాళ్ళు చెక్కేవారిని పరిశీలించారు. చలివేళ వారి వేళ్ళు పాలిపోయి, స్పర్శ కోల్పోవడం ఆమె గమనించారు. జపానులో మోటారు బండ్లపై ఉత్తరాలు పంచే తపాలా ఉద్యోగుల మీద, ట్రాఫిక్ పోలీసుల మీద కూడా ఇటువంటి పరిశోధనలు జరిగాయి.

రాయి తొలిచే యంత్రం పట్టుకున్న చేతికీ, మోటార్‌సైకిల్ నడిపే చేతికీ ఉన్న ప్రమాదం ఒకే స్థాయిది కాదు. బడి వరకూ వెళ్ళి వచ్చేవారు బెంగపడనక్కర లేదు. రోజుకు ఎనిమిది, పది గంటలు బండి మీదనే గడిపేవారు మాత్రం శ్రద్ధ వహించాలి. పగలంతా సుత్తి పట్టి, ఆ తర్వాత దూరం బండి నడిపేవారి చేతులకు రెండు భారాలూ కలిసి చేరుతాయి.

ఐరోపా దేశాలు 2002లో చేసుకున్న నియమం ప్రకారం, కార్మికుని చేతికి చేరే కంపనం ఎనిమిది గంటల సగటున 2.5 యూనిట్లకు చేరితే యజమాని నివారణ చర్యలు మొదలుపెట్టాలి. 5 యూనిట్లను దాటనివ్వకూడదు. ఇక్కడ యూనిట్ అంటే సెకనుకు సెకనుకు ఒక మీటరు త్వరణం. ఈ లెక్కలో మనకు పనికివచ్చే ఒక సూత్రం ఉన్నది. 2.5 యూనిట్ల కంపనంతో ఆ మొదటి హద్దును చేరడానికి ఎనిమిది గంటలు పడితే, 5 యూనిట్ల కంపనంతో రెండు గంటలే పడుతుంది. అంటే కంపనాన్ని సగానికి తగ్గిస్తే చేతులు సురక్షితంగా ఉండే సమయం నాలుగింతలవుతుంది. చిన్న మరమ్మతు కూడా ఎంత మేలు చేస్తుందో దీనిని బట్టి గ్రహించవచ్చు.

లోపాన్ని ఎలా పట్టుకోవాలి?

మెకానిక్ వద్దకు వెళ్ళే ముందు కొన్ని పరీక్షలు మనమే చేసుకోవచ్చు. వీటికి ఖర్చు ఏమీ లేదు.

మొదట, కంపనం తీరును గుర్తించండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో సాధారణ బండి చక్రం సెకనుకు సుమారు 9 సార్లు తిరుగుతుంది, ఇంజన్ దానికి ఎన్నో రెట్లు వేగంగా తిరుగుతుంది. అందువల్ల చక్రంలోని లోపం హ్యాండిల్‌ను నెమ్మదిగా అటూ ఇటూ ఊపుతుంది. ఇంజన్ నుండి వచ్చేది తేనెటీగ రొదలా సన్నగా జుమ్మంటుంది. వెనుక అద్దంలో బొమ్మ ఏ వేగం దగ్గర చెదిరిపోతున్నదో చూసి గుర్తుంచుకోండి.

రెండవది, బండిని సెంటర్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో ఉంచి, థ్రాటిల్ నెమ్మదిగా పెంచండి. నిలిచి ఉండగానే అదే మోత వస్తే చక్రాలకూ చైనుకూ సంబంధం లేదు. ఇంజన్, దాని బిగింపులు, హ్యాండిల్ బిగింపులు చూడాలి.

మూడవది, రద్దీ లేని తిన్నని రోడ్డు మీద ఓ మోస్తరు వేగంలో వెళుతూ క్లచ్ పట్టి థ్రాటిల్ వదలండి. కంపనం ఆగిపోతే దాని మూలం ఇంజన్ వైపు ఉన్నది. ఆగకపోతే టైరు, రిమ్ము, చక్రం బేరింగులను అనుమానించాలి.

నాలుగవది, ముందు చక్రం నేలను వదిలేటట్లు ఎత్తించి, హ్యాండిల్‌ను ఒక కొస నుండి మరొక కొసకు మెల్లగా తిప్పండి. మధ్యలో గుంటలో పడినట్లు పట్టివేస్తే కోన్ సెట్ అరిగింది. ఫోర్క్ కింది భాగాన్ని పట్టి ముందుకూ వెనుకకూ లాగినప్పుడు టకటకమంటే అది వదులైంది. ఇది చేతి నొప్పితో పోయే విషయం కాదు, బండి అదుపు తప్పడానికి దారితీసే లోపం. దీనిని వాయిదా వేయరాదు.

ఏ క్రమంలో సరిచేయించాలి?

తేలికైన పని నుండి మొదలుపెట్టండి. టైర్లలో గాలి కంపెనీ చెప్పిన కొలతకే ఉండాలి, ఇద్దరు ఎక్కే బండికి ఆ కొలత వేరుగా ఉంటుంది. ఎక్కువ గాలి పట్టిస్తే ప్రతి గతుకూ చేతికి చేరుతుంది. చైను ఎండిపోకుండా నూనె వేయించండి. చాలా చిన్న బండ్లకు చైను రెండు మూడు సెంటీమీటర్లు ఆడాలి, మీ బండికి ఎంతో మాన్యువల్‌లో ఉంటుంది. స్పార్క్ ప్లగ్గు, ఎయిర్ ఫిల్టర్ పాడైతే ఇంజన్ తడబడి నడుస్తుంది, ఆ తడబాటు కూడా హ్యాండిల్‌కు చేరుతుంది.

తర్వాత ఇంజన్‌ను ఛాసిస్‌కు కలిపే బోల్టులను చూపించండి. వదులైతే మోత పెరుగుతుంది. అలాగని బలం కొద్దీ బిగించడం కూడా తప్పే, మరలు పోతాయి. హ్యాండిల్ కింద రబ్బరు బుష్‌లు ఉండే బండ్లలో అవి ఎండి పగిలాయేమో చూడాలి. వెనుక చక్రం హబ్‌లోని రబ్బర్లు అరిగినా కుదుపు తెలుస్తుంది. వీటిలో చాలావరకు తక్కువ ధరకు దొరికే సామాన్లే.

ఇవన్నీ అయిన తర్వాతనే హ్యాండిల్ చివరల బరువుల గురించి ఆలోచించాలి. ఈ బరువులు కంపనాన్ని మింగివేస్తాయని చాలామంది భావిస్తారు. నిజానికి బరువు చేరిన కొన కదలడం తగ్గుతుంది, హ్యాండిల్ సహజ లయ కిందికి దిగుతుంది. దానివల్ల మోత మనం ఎక్కువగా నడిపే వేగం నుండి పక్కకు తొలగుతుంది. కాబట్టి ఒక వేగం దగ్గర మాత్రమే జుమ్మనే బండికి ఇవి బాగా ఉపకరిస్తాయి, అన్ని వేగాల్లోనూ వణికే బండికి అంతగా ఉపకరించవు. కంపెనీ అమర్చిన బరువు బండి పడినప్పుడు ఒకవైపు ఊడిపోయి, అలాగే నడుపుతున్నవారు ఉంటారు. ముందు దానిని తిరిగి పెట్టించండి.

బరువు గానీ గ్రిప్పు గానీ మార్చిన తర్వాత థ్రాటిల్ తిప్పి వదిలిచూడండి. అది దానంతట అదే చప్పున వెనక్కి రావాలి. హ్యాండిల్‌ను ఏ కోణంలో తిప్పినా అలాగే రావాలి. బరువు గ్రిప్పుకు రాసుకుంటే థ్రాటిల్ పట్టివేసే ప్రమాదం ఉన్నది. మరీ లావు గ్రిప్పులు చిన్న చేతులకు తగవు, పిడికిలి మరింత బిగించవలసి వస్తుంది.

నడిపే తీరు

గట్టిగా పట్టుకున్న చేతికి కంపనం ఎక్కువగా చేరుతుంది. పిట్టను పట్టుకున్నట్లు, జారిపోకుండా, నలిగిపోకుండా హ్యాండిల్ పట్టుకోవాలి. శరీర భారం నడుము, తొడలు మోయాలి గానీ అరచేతులు మోయరాదు. మణికట్టు వంగకుండా బ్రేకు, క్లచ్ లివర్ల కోణం సరిచేయించుకోండి. చిన్న గేరులో ఇంజన్‌ను అరిపించడం, పెద్ద గేరులో ఈడ్పించడం రెండూ కుదుపు పెంచేవే. గంటకొకసారి ఆగి వేళ్ళు చాచి ముడవండి. చలిలో చేతులకు తొడుగులు వేసుకోండి. పొగతాగడం రక్తనాళాలను ఇంకా బిగదీస్తుందని గుర్తుంచుకోండి.

హ్యాండిల్ మీద ఫోను బిగించుకునేవారికి ఒక మాట. శక్తిమంతమైన మోటార్‌సైకిల్ ఇంజన్ల కంపనం వల్ల ఐఫోన్ కెమెరా పనితీరు దెబ్బతినవచ్చని 2021లో ఆపిల్ కంపెనీయే హెచ్చరించింది. ఫోను లోపలి సున్నితమైన భాగాలను కదిలించే కంపనమే మన వేళ్ళకూ చేరుతుంది.

ఇంటివారు గమనించవలసినవి

ఈ బాధను మగపిల్లలు సాధారణంగా ఇంట్లో చెప్పరు. తల్లులు, భార్యలు కనిపెట్టవలసిన గుర్తులు కొన్ని ఉన్నాయి. చొక్కా గుండీ పెట్టుకోవడానికి తడబడటం, నాణెం, సూది వంటి చిన్న వస్తువులు వేళ్ళ నుండి జారిపోవడం, రాత్రి చేతులు తిమ్మిరెక్కి నిద్ర లేవడం. చలికాలంలో ఫజ్ర్ వేళ చన్నీళ్ళతో వుజూ చేస్తుండగా వేళ్ళ కొనలు తెల్లగా పాలిపోతే అది మరింత ముఖ్యమైన సూచన. అటువంటివారికి నీళ్ళు గోరువెచ్చగా చేసి ఇవ్వండి, వైద్యునికి చూపించండి. తిమ్మిరికి మధుమేహం, మణికట్టు వద్ద నరం నొక్కుకుపోవడం వంటి ఇతర కారణాలు కూడా ఉండవచ్చు. అది తేల్చవలసినది వైద్యుడే. ఏ పని చేస్తారో, రోజుకు ఎన్ని గంటలు బండి నడుపుతారో వైద్యునికి తప్పక చెప్పాలి. ఆరంభంలోనే కంపనం తగ్గించుకుంటే కోలుకునే అవకాశం ఎక్కువ. నిర్లక్ష్యం చేసిన కొద్దీ నరాలకు కలిగిన నష్టం తిరిగి పూడటం కష్టమవుతుంది.

నెలకు ఒక అరగంట బండికి కేటాయించి పైన చెప్పిన పరీక్షలు చేయండి. అందులో తేలినదాన్ని కాగితం మీద రాసి మెకానిక్‌కు ఇవ్వండి. "బండి వణుకుతోంది, చూడు భాయ్" అనడం కన్నా, "ఈ వేగం దగ్గర, క్లచ్ పట్టినా ఆగకుండా వణుకుతోంది" అని చెప్పగలిగితే సగం పని అయినట్లే. డబ్బు ఆదా అవుతుంది, ఇంటిని పోషించే చేతులు పదిలంగా ఉంటాయి.