ఎపిక్యూరసు తోటలో సంగటి

ఇంగ్లీషులో ‘ఎపిక్యూర్’ అంటే భోజనప్రియుడు, రుచుల మర్మం తెలిసినవాడు. ఆ మాటకు మూలపురుషుడైన ఎపిక్యూరసు మహాశయుడు ఏమి తిని బతికాడో తెలిస్తే మీకు నవ్వు వస్తుంది. క్రీ.పూ. 341లో సేమోస్ ద్వీపంలో పుట్టిన ఈ గ్రీకు తత్త్వవేత్త, క్రీ.పూ. 306 ప్రాంతంలో ఏథెన్సులో ఒక తోట కొని అక్కడే శిష్యులతో కాపురమున్నాడు. స్త్రీలకూ బానిసలకూ కూడా అందులో ప్రవేశముండేది. ఆ రోజుల్లో అదేమీ చిన్న సాహసం కాదు. సుఖమే పరమార్థమని ఆ తోట వాకిట రాసి ఉంటుందనీ, నమ్మి లోపలికి వెళ్లిన అతిథికి ఉడికించిన బార్లీపిండీ మంచినీళ్లూ పెడతారనీ రోము రచయిత సెనెకా ఒక లేఖలో ముచ్చటించాడు. ఉడికించిన పిండిని మా బెళుగుప్పలో సంగటి అంటారు.

ఇంతకూ ఆయన సుఖమన్నది దేన్ని? ఒంటికి బాధ లేకపోవడం, మనసుకు కలత లేకపోవడం. ఆకలిగొన్నవాడికి రొట్టే నీళ్లే పరమసుఖమన్నాడు. కోరికలను మూడు తెగలు చేశాడు. ఆకలికి అన్నం సహజమూ, అవసరమూ. పంచభక్ష్యాలు సహజమే గాని అవసరం కాదు. కిరీటాలూ విగ్రహాలూ రెండూ కావు. అప్పు చేసి పెళ్లిపందిట్లో వడ్డించే ఇరవైయొకటో వంటకం ఏ తెగదో పాఠకులే తేల్చాలి! అలాగని ఆయన సన్యాసి అనుకోకండి. ఒక కుండెడు జున్ను పంపు, బుద్ధి పుట్టినప్పుడు విందు చేసుకుంటానని స్నేహితుడికి రాశాడు.

మన శ్రీనాథుడికి ఈ తోటలో ఒక్క పూట గడిచేది కాదు. ఆయన పేర చెప్పుకొనే చాటువుల్లో పలనాటి జొన్నకూడు మీద ఎంత కోపం! దావానలాన్ని మింగిన కృష్ణుణ్ణే, ఈ ముద్ద ఒక్కటి మింగి చూడమని సవాలు చేశాడు. పద్యం గొప్పదే. జొన్నకు మాత్రం అన్యాయం జరిగిందని నా అభిప్రాయం.

రుచి విషయంలో అరిస్టాటిలు చెప్పిన మాట నాకు మరీ ఇష్టం. తన గొంతు కొంగమెడ కంటే పొడుగైతే బాగుండునని ఒక తిండిపోతు దేవుణ్ణి వేడుకొన్నాడట. వాడికి కావలసింది మింగడంలోని హాయి. రుచి అంటే తేడా కనిపెట్టడం; ఆ పని ద్రాక్షసారా పరీక్షించేవాళ్లదీ, వంటలో పాళ్లు చూసేవాళ్లదీ అన్నాడాయన.

ఆ లెక్కన మా పెద్దమ్మను మించిన రసికురాలు లేదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే సీమలో వరి ఎక్కడిది? ఆమె చేయి తిరిగింది సంగటి మీదనే. ఒక్క ముద్ద నోట పెట్టి రాగులు కొత్తవో పాతవో, నూక ఉడికాక పిండి పోశారో తొందరపడ్డారో చెబుతుంది. చెనక్కాయల ఊరిమిండిలో ఒక్క మాడిన గింజ ఉన్నా పట్టేస్తుంది.

2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ఐక్యరాజ్యసమితి జరిపింది. పట్నాల్లో రాగులకు మర్యాద పెరిగింది. ఆ మాటే పెద్దమ్మకు చెప్పాను, విన్నది. అంతలో వాకిట్లో ఎవరో చుట్టాల మాట వినబడగానే సంగటి కుండ మీద గబుక్కున మూతపెట్టి, పక్కింటికి సన్నబియ్యం బదులు తెమ్మని పిల్లవాణ్ణి తరిమింది.