నీళ్లు పంచే చదువు మన పిల్లలకు వద్దా?



టెన్త్ బయాలజీ పుస్తకంలో చివరి పాఠం పేరు సహజ వనరులు. నిజం చెప్పాలంటే మేం టీచర్లం కూడా దాన్ని రివిజన్ ముందు హడావుడిగా ముగించేస్తాం. రెండు ఊళ్ల నీటి వాడకాన్ని పోల్చే భాగం ఒకటి అందులో ఉంది. ఈసారి అది చెప్పాక, మీ ఊరి నీళ్ల గురించి ఒక పేజీ రాసుకురండి అన్నాను. ఒక అమ్మాయి వాళ్ల పొలం గురించి రాసింది. పొలం డిస్ట్రిబ్యూటరీ చివర ఉంది. యాసంగిలో ‘ఆన్ అండ్ ఆఫ్’ పద్ధతిలో నీళ్లు వదిలినప్పుడు, తమ వంతు వచ్చేసరికి కాలువలో సగమే ఉంటాయట. కింద ఒక ప్రశ్న రాసింది: ఈ నీళ్లు ఎవరికి ఎన్ని అని లెక్క వేసేవాళ్లు ఏం చదువుతారు?

పేరెంట్స్ మీటింగ్‌లో ఆ పేజీ వాళ్ల నాన్నగారికి చూపించాను. ఆయన నవ్వారు. "మేడం, తూము ఎత్తనీకి లష్కర్ ఉన్నడు గదా. దానికి ఇంత ఫీజు కట్టి చదివించుడెందుకు?" అన్నారు. అక్కడ నేనూ నవ్వేసి ఊరుకున్నాను. చెప్పాల్సిన జవాబు ఇంటికి వెళ్లాక గుర్తొచ్చింది. ఆయనతో పాటు మీ అందరికీ చెప్పాలని ఇది రాస్తున్నాను.

మనలో చాలామంది ఇళ్లలో స్కూల్ ఫీజు వడ్ల డబ్బుతోనే కడతారు. ఆ వడ్లు నిజాంసాగర్ నీళ్లవి. మంజీర మీద ఆ ప్రాజెక్టును 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తి చేశారు. దాన్ని కట్టించిన చీఫ్ ఇంజనీర్ నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ ఇంగ్లండ్‌లోని కూపర్స్ హిల్ కాలేజీలో చదివి వచ్చారు. ఆయన పుట్టిన రోజు జూలై 11నే తెలంగాణలో ఇంజనీర్స్ డేగా జరుపుతున్నాం. కట్టినప్పుడు అందులో దాదాపు 30 టీఎంసీలు పట్టేవి. ఇప్పుడు లెక్క 17.8 టీఎంసీలు. తేడాకు పెద్ద కారణం పూడిక. పైన ఎక్కడో చెట్లు పోయి, నేల బోసిపోతే, వానకు పైమట్టి కొట్టుకొస్తుంది. ప్రాజెక్టు దగ్గర నీటి వేగం తగ్గగానే ఆ మట్టి అడుగున కూర్చుంటుంది. కాంక్రీటు ఎంత గట్టిగా ఉన్నా దాన్ని ఆపలేదు. దాన్ని ఆపే పని పైనున్న గుట్టల్లో, చెలకల్లో, అడవుల్లో జరగాలి.

ఆ పైభాగం మన జిల్లాలో కూడా లేదు. మంజీర మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండల్లో పుట్టి, కర్ణాటకలో బీదర్ మీదుగా మన దగ్గరికి వస్తుంది. మనకంటే ముందు సింగూరులో ఆగుతుంది. అక్కడి నీళ్లు హైదరాబాద్ తాగింది. నగరం నల్లాకా, మన నాట్లకా అనే తగవు తీర్చడం లష్కర్ చేతిలో ఉంటుందా?

ఈ పనికి యూనివర్సిటీలో సహజ వనరుల నిర్వహణ అని పేరు. ఫారెస్ట్రీ, భూమి-నీటి సంరక్షణ, వాటర్‌షెడ్, వన్యప్రాణులు ఇవన్నీ దాని కొమ్మలే. చెట్లు నాటడం నేర్పిస్తారు అనుకుంటే పొరపాటు. శాటిలైట్ చిత్రం చూసి ఏ గుట్ట బోసిపోయిందో గుర్తించడం, ఒక వాగులోకి ఎంత మట్టి వస్తోందో కొలవడం, అటవీ హక్కుల చట్టం, ఊరివాళ్లతో కూర్చుని మాట్లాడటం అన్నీ అందులోకి వస్తాయి.

మన రాష్ట్రంలోనే అటవీ కళాశాల, పరిశోధన సంస్థ ఉంది, ములుగులో. మేడారం వైపున్న ములుగు కాదు, సిద్దిపేట జిల్లా ములుగు. 2016లో మొదలైన ఆ సంస్థలో నాలుగేళ్ల బీఎస్సీ ఆనర్స్ ఫారెస్ట్రీ ఉంది. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం కోర్సుల్లో రైతుల పిల్లలకు ప్రత్యేక కోటా ఉంది. డిగ్రీ తర్వాత వెళ్లాలంటే భోపాల్‌లో 1982 నుంచి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫారెస్ట్ మేనేజ్‌మెంట్ ఉంది. యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ పరీక్షకు మ్యాథ్స్, ఫిజిక్స్, ఇంజనీరింగ్ చదివినవాళ్లూ అర్హులే. కాబట్టి ఎంపీసీ పిల్లల తల్లిదండ్రులు ఈ పేజీ తిప్పేయకండి. అడ్మిషన్ నిబంధనలు మారుతుంటాయి, ఏ ఏడాది నోటిఫికేషన్ ఆ ఏడాదే చూసుకోండి.

2016 అన్నాను కదా. ఆ ఏడాది నేను లాంగ్‌టర్మ్ కోచింగ్ హాస్టల్‌లో ఉన్నాను. ఎంసెట్-2 పేపర్ లీకై, సెప్టెంబర్‌లో మళ్లీ పరీక్ష రాసిన బ్యాచ్ మాది. అంతకు ముందు ఏడాదే నా ర్యాంకుకు అగ్రికల్చర్ సీటు వచ్చేలా ఉండింది. "పొలంకెల్లి బయటపడాలని చదివిస్తే మళ్లీ పొలంలకే పోతవా" అని ఇంట్లో ఒప్పుకోలేదు. మా నాన్న తప్పు కాదు. ఆయన మడిలో నడుం పోగొట్టుకున్న మనిషి. డాక్టర్ సీటు రెండోసారీ రాలేదు. బీజెడ్‌సీ, తర్వాత బీఈడీ. టీచర్ పని నాకిష్టమే, బాధతో రాయడం లేదు. కానీ ములుగులో మొదటి బ్యాచ్ చేరుతున్న ఆ రోజుల్లో అలాంటి కాలేజీ ఉందని మా ఇంట్లో చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు. కోచింగ్‌లో అసలే లేరు.

ఇబ్బందులు దాచను. ప్రభుత్వ నోటిఫికేషన్లు ఆలస్యంగా వస్తాయి. మొదటి జీతం సాఫ్ట్‌వేర్ జీతంలా ఉండకపోవచ్చు. చాలామందికి పీజీ కూడా అవసరమవుతుంది. ఫీల్డ్‌లో ఎండ, తేళ్లు, జ్వరాలు ఉంటాయి. ఇంట్లో అప్పు తీర్చడానికి రెండేళ్లలో జీతం కావాలంటే ఇది సరైన దారి కాదని నేనే చెబుతాను. కానీ, "ఆడపిల్లను అడవులెంబడి ఎట్ల తిప్పుతం" అనే మాటకు మాత్రం ఒప్పుకోను. ఆర్. శోభ గారు ఈ రాష్ట్ర అటవీ శాఖకే అధిపతిగా పనిచేశారు.

ఆ అమ్మాయిని ఏ గ్రూపులో వేయాలో వాళ్ల నాన్నగారు జూన్‌లోపు తేల్చాలి. మీలో చాలామందిదీ అదే పరిస్థితి. మన స్కూల్ సహా అందరూ మీకు రెండే దారులు చూపిస్తున్నారని నాకు తెలుసు. నా కోరిక చిన్నది. అంతకుముందు ఒక ఆదివారం పిల్లల్ని బండి మీద నిజాంసాగర్ కట్ట దాకా తీసుకెళ్లండి. తిరిగి వచ్చేటప్పుడు కాలువ వెంబడి రండి. దారిలో లష్కర్ కనిపిస్తే బండి ఆపి, చివరి మడికి నీళ్లు ఎందుకు అందడం లేదో పిల్లల్నే అడగనివ్వండి. వాళ్లకు ఇంకా ప్రశ్నలు మిగిలితే, శనివారం సాయంత్రం నాలుగు తర్వాత నేను స్టాఫ్ రూమ్‌లోనే ఉంటాను.